పాసైన పౌరుడు

ఇక మీదట ఒక్క నకిలీ ఈమెయిల్ అడ్రసు కూడా ప్రభుత్వం గడప తొక్కదని ఫిర్యాదుల శాఖ మంత్రిగారు సోమవారం పొద్దున ప్రకటించారు. ప్రకటించి, గ్లాసెడు మంచినీళ్ళు తాగి, "ఒక్కటి కూడా" అని ఇంకోసారి అన్నారు. హాలంతా చప్పట్లు. వాటిని మొదలుపెట్టినవాడు మైకు. మైకు అంటే మనిషే, పార్టీ కార్యకర్త. మంత్రిగారి నోట్లోంచి ఏ మాట వచ్చినా దాన్ని పదింతలు చేసి ఊరి మీదికి వదులుతాడు కనుక ఆ పేరు స్థిరపడిపోయింది.

మంత్రిగారి ఆలోచన సామాన్యమైనది కాదు. కాగితం మీద ఫిర్యాదు తీసుకుంటే దాన్ని దాచడానికి బీరువా కావాలి. బీరువాకు తాళం కావాలి. తాళంచెవి పోతే ఆ సంగతి ఫిర్యాదు చేయడానికి మళ్ళీ కాగితం కావాలి. ఇలా అయితే పరిపాలన ముందుకు సాగేదెలా? అందుకని ఫిర్యాదు కౌంటర్లు ఎత్తేశారు. ఫిర్యాదు పెట్టెలు ఊడబీకించారు. ఇకపై అంతా పోర్టల్‌లోనే. పేరు చెప్పక్కర్లేదు, ఫోన్ నంబరు ఇవ్వక్కర్లేదు. గొడవ ఏమిటో, ఎక్కడో రాసి, ఈమెయిల్ అడ్రసు ఇస్తే చాలు. అయితే ఆ అడ్రసు నిఖార్సయినదై ఉండాలి. అది తేల్చే భారం సాఫ్ట్‌వేర్‌ది.

సాఫ్ట్‌వేర్ రాసే భారం చివరి వరుసలో కూర్చున్న ప్రోగ్రామరుది. శాఖ మొత్తానికి ఆమె ఒక్కతే, అదీ కాంట్రాక్టు మీద. ఆమె చప్పట్లు కొట్టలేదు. కంగారూ పడలేదు. పూట పని అనుకుంది.

ఆ పోర్టల్‌తో ఆమెకు సొంత అవసరం కూడా ఒకటి ఉంది. వాళ్ళ అక్కది కళ్ళద్దాల షాపు. షాపు ముందు పైపులు వేయడానికని గొయ్యి తవ్వారు. పైపులు వచ్చాక కొలత కుదరలేదని వెనక్కి తీసుకెళ్ళారు. గొయ్యిని మాత్రం ఉంచి వెళ్ళారు. ఎవరో పుణ్యాత్ముడు దాని మీద అడ్డంగా ఒక చెక్క వేశాడు. చూపు ఆననివాళ్ళు ఆ చెక్క మీద నడవలేరు. నడవగలిగినవాళ్ళకు కళ్ళద్దాలతో పని లేదు. ఈ లెక్కన అక్క వ్యాపారం ఎలా సాగుతోందో చెప్పక్కర్లేదు.

"నెలాఖరులోగా ఈ గొయ్యి పూడకపోతే షాపు ఖాళీ చేసేస్తానే" అంది అక్క ఆ సాయంత్రం. "ఇంట్లో కూర్చుని మీ బావ చత్వారం చూసుకుంటూ కాలం గడిపేస్తా."

"పోర్టల్ వస్తోందక్కా. రాసేది నేనే. తెరవగానే మొదటి ఫిర్యాదు నువ్వే పెట్టు."

"నువ్వు రాస్తే సరే. ఇంట్లోవాళ్ళన్నా నా మాట వింటారు."

మర్నాడు ప్రోగ్రామరు తన పథకం పట్టుకుని సెక్రటరీగారి గదిలోకి వెళ్ళింది. సెక్రటరీగారు శాఖకు గుండెకాయ లాంటివారు. ఏ పనినైనా తొందరపడకుండా ఆపగలరు.

"మధ్యలో ఎట్ గుర్తు ఉందో లేదో చూస్తే చాలు సార్" అంది ఆమె. "తర్వాత ఆ అడ్రసుకు మనమే ఒక మెయిల్ పంపిస్తాం. అందులో ఉన్న లింకు నొక్కితే మనిషి ఉన్నట్టు. నొక్కకపోతే లేనట్టు."

"అంతేనా?"

"అంతే సార్."

సెక్రటరీగారి ముఖం వాడిపోయింది. "ఇంత చిన్న పనికి కమిటీ ఎందుకమ్మా?"

"అక్కర్లేదు సార్."

"వేసేశాం కదా." ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "పైగా మనం మెయిల్ పంపిస్తే వాళ్ళు తిరిగి జవాబు రాస్తారు."

"రాస్తే ఏమవుతుంది సార్?"

"చదవాల్సి వస్తుంది."

దాంతో ఆ పథకం అక్కడే కన్ను మూసింది.

కమిటీ బుధవారం కూర్చుంది. సెక్రటరీగారు అధ్యక్షులు. ప్రజల తరఫున మైకు. బిస్కెట్ల తరఫున మరి కొందరు. ప్రోగ్రామరు లాప్‌టాప్‌ను తెరకు తగిలించి ఫారం చూపించింది. ఈమెయిల్ రాయడానికి ఒక గడి. ఏం రాయాలో జనానికి తెలియడం కోసం ఆ గడిలో లేత బూడిద రంగులో ఒక నమూనా అడ్రసు పెట్టింది: పౌరుడు ఎట్ నమూనా డాట్ కామ్. అలాంటి మనిషి ఎక్కడా లేడు, అలాంటి అడ్రసూ లేదు. మనం టైపు చేయడం మొదలుపెట్టగానే మాయమైపోయే అక్షరాలు అవి.

"కొందరి అడ్రసులో ప్లస్ గుర్తు ఉంటుంది, అనుమతించాలి" అందామె.

"దేనికి ప్లస్?" అన్నాడు మైకు. "ఈమెయిల్ ఉండగా ఇంకా ఏం కలపాలి వాళ్ళకి? ఆశకు అంతుండాలి."

ప్లస్ తీసేశారు.

"అంకెలు?"

"పేరులో అంకెలేమిటమ్మా, జైలుపక్షా?" అన్నారు సెక్రటరీగారు.

అంకెలు పోయాయి. చిన్న గీత ఉంటే ఏదో దాస్తున్నట్టు ఉందని గీతను కొట్టేశారు. ఇద్దరు పౌరులు కలిసి కుట్ర చేసినట్టుందని పేరులో చుక్కను కొట్టేశారు. చివర డాట్ తర్వాత కామ్ కన్నా పొడుగ్గా ఏమీ ఉండకూడదన్నారు, కామ్‌తో లోకమంతా సర్దుకుపోతుంటే వీళ్ళకేం వచ్చిందని. మంత్రిగారి అడ్రసు కన్నా పొడవైన అడ్రసు ఎవరికీ ఉండరాదని మైకు తీర్మానం పెడితే, అది ప్రోటోకాల్ కిందికి వస్తుందని అందరూ లేచి నిలబడి ఒప్పుకున్నారు. నిలబడ్డారు కనుక టీ తాగారు.

ఒక్కో నిబంధన పెట్టినప్పుడల్లా సెక్రటరీగారు స్వయంగా టెస్టు చేశారు. కింది వాళ్ళ మీద వదిలేసే మనిషి కాదాయన. గడిలో కనిపిస్తున్న అడ్రసునే చూపుడువేలితో ఒక్కో అక్షరం నొక్కి టైపు చేసేవారు. పౌరుడు ఎట్ నమూనా డాట్ కామ్. ఆకుపచ్చ టిక్కు పడేది. "పాస్" అనేవారు. చప్పట్లు.

"వేరే అడ్రసులతో కూడా చూద్దాం సార్" అంది ప్రోగ్రామరు.

"ఎవరివి?"

"మనుషులవి."

"అవి నిజమైనవో కాదో మనకేం తెలుసమ్మా? తెలుసుకోవడానికే కదా ఈ సాఫ్ట్‌వేర్. దీని సంగతి తేలకుండా వాటితో దీన్ని ఎలా పరీక్షిస్తాం?"

ఆ వాదనకు ఆమెకు తలా తోకా దొరకలేదు. "నా సొంత అడ్రసే పాసవడం లేదు సార్."

సెక్రటరీగారు ఆమె వంక జాలిగా చూశారు. "నువ్వు కాంట్రాక్టు మనిషివి కదమ్మా."

అడ్రసు పాసవనివాళ్ళకు ఏం చెప్పాలన్న ప్రశ్న వచ్చింది. ఎర్ర అక్షరాల్లో 'తప్పు' అని రాస్తే జనం నొచ్చుకుంటారని సెక్రటరీగారు మర్యాదగా ఒక వాక్యం తయారుచేశారు. 'దయచేసి నిజమైన మనిషిగా మళ్ళీ ప్రయత్నించండి.' కింద ఆయన సంతకం పెట్టారు. ఈ సాఫ్ట్‌వేర్ పాస్ చేసిన ప్రతి అడ్రసూ నూటికి నూరుపాళ్ళు నిజమైనదనే సర్టిఫికెట్ మీదా పెట్టారు.

పోర్టల్ తెరిచిన రోజు ప్రోగ్రామరు మధ్యాహ్నమే సెలవు పెట్టి చెక్క మీదుగా షాపులోకి నడిచింది. అక్క అప్పటికే కంప్యూటరు ముందు కూర్చుని ఉంది.

"రావే. నీ యంత్రం నన్ను మనిషి కాదంటోంది."

"నీ అడ్రసులో అంకెలున్నాయక్కా. గీత కూడా ఉంది."

"మీ బావది పెట్టా. ఆయన్నీ కాదంది. ఆయన సంగతి నాకూ అనుమానమే అనుకో. షాపు గుమ్మంలో మాట్లాడుతూ నిలబడ్డ ముసలాయన అడ్రసు పెట్టా. పాపం, డెబ్బై ఏళ్ళుగా మనిషినే అనుకుంటున్నాడు. గతుక్కుమన్నాడు."

"నేను చెప్పి చూశా. వినలేదు."

"ఇందాకట్నుంచీ గడిలో ఈ బూడిద రంగు పెద్దమనిషి కనిపిస్తున్నాడే, ఎవరితను?"

"ఎవరూ కాదు. ఊరికే నమూనాకి."

అక్క ఆ అడ్రసును అక్షరం పొల్లుపోకుండా టైపు చేసింది. ఆకుపచ్చ టిక్కు పడింది. 'అభినందనలు. మీరు నిజమైన పౌరులు' అని వచ్చింది. గొయ్యి ఎక్కడుందో, ఎంత లోతో, అందులో ఎవరెవరు పడ్డారో రాసి, పంపించేసింది.

"అలా పెట్టకూడదక్కా."

"మరెలా పెట్టాలో చెప్పు."

ప్రోగ్రామరు కుర్చీ లాక్కుని అక్క పక్కన కూర్చుంది.

ఎర్ర అక్షరాలు చదువుకుని దిగాలుపడ్డ ప్రతివాడికీ కళ్ళెదురుగా బూడిద అక్షరాలు ఉండనే ఉన్నాయి. అక్క కనిపెట్టిన కిటుకును ఎవరికి వారే కనిపెట్టారు. పదిహేను రోజులు తిరిగేసరికి నీళ్ళు రానివాళ్ళు, దీపం వెలగనివాళ్ళు, దోమలు వదలనివాళ్ళు అందరూ అదే అడ్రసుతో ఫిర్యాదులు కుమ్మరించారు.

ప్రోగ్రామరు సెక్రటరీగారి గదికి పరిగెత్తింది. "సార్, ఫిర్యాదులన్నీ ఒకే అడ్రసు నుంచి వస్తున్నాయి. ఆ అడ్రసు మన నమూనా. ఆ మనిషి లేడు."

"సాఫ్ట్‌వేర్ పాస్ చేసిందా?"

"చేసింది సార్. కానీ..."

"పాస్ చేసిందంటే ఉన్నట్టే. లేడంటే సాఫ్ట్‌వేర్ తప్పు. సాఫ్ట్‌వేర్ తప్పంటే నా సర్టిఫికెట్ తప్పు." ఆయన గొంతు తగ్గించారు. "నేను ముప్ఫై ఏళ్ళు సర్వీసు చేశానమ్మా. ఈ వయసులో నేను లేనని అంటావా?"

ఆమె ఆయన్ని లేరని అనలేకపోయింది. ఎదురుగానే ఉన్నారు.

నెలాఖరు దగ్గరపడుతుండగా మంత్రిగారు డాష్‌బోర్డు చూడటానికి వచ్చారు. గోడంత తెర. ఒక పక్క ఫిర్యాదుల అంకె, చదవడానికి తల అటు నుంచి ఇటు తిప్పాల్సినంత పొడవు. ఇంకో పక్క ఫిర్యాదుదారులు: ఒకరు.

"ఈ ఒకటి పక్కన సున్నాలేమైనా రాలిపోయాయా?" అన్నారు మంత్రిగారు.

"లేదు సార్" అన్నారు సెక్రటరీగారు. "ఒక్కరే. హండ్రెడ్ పర్సెంట్ వెరిఫైడ్."

మంత్రిగారి ముఖం మెల్లమెల్లగా వెలిగింది. "అంటే మిగతా జనమంతా సుఖంగా ఉన్నట్టే కదయ్యా."

గదిలో ఉన్న చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ ఆ కోణం తట్టలేదు. అందుకే వాళ్ళు మంత్రులు కాలేదు.

"ఇందులో ప్రతిపక్షం చెయ్యి ఉంది సార్" అన్నాడు మైకు.

"ప్రతిపక్షంలో ఇంత కష్టపడేవాడు ఎవడున్నాడు? పొద్దున ఇక్కడ నీళ్ళు లేవంటాడు. మధ్యాహ్నానికి ఊరి ఆ చివర దీపం లేదంటాడు. సాయంత్రం ఇంకెక్కడో దోమలంటాడు. తింటున్నాడో లేదో పాపం."

"పట్టుకుని లోపలేయిద్దామా సార్?"

"లోపలేస్తే లోపలి దోమల మీద ఫిర్యాదు పెడతాడు. వద్దు. సలహాదారుణ్ణి చేసేద్దాం."

మైకు ముందే చప్పట్లు కొట్టేశాడు. సెక్రటరీగారు మాత్రం ఒక చిన్న రూలు గుర్తుచేశారు. ప్రభుత్వంలో ఉన్నవాళ్ళు ప్రభుత్వం మీద ఫిర్యాదు చేయరాదు. కనుక సలహాదారుగారి పాత ఫిర్యాదులన్నీ పరిష్కారమైనట్టు రాసేయాలి. కొత్తవి పెట్టకుండా వారి అడ్రసును ఆపేయాలి. అప్పటికప్పుడు ఆ పని ప్రోగ్రామరు చేతే చేయించారు. ఆ అడ్రసు ఆగిపోగానే, అంకె, చుక్క, గీత లేకుండా అంత పొట్టిగా ఉండి పాసయ్యే అడ్రసు భూమ్మీద ఇంకోటి లేకపోవడం వల్ల, ఫిర్యాదులు కూడా ఆగిపోయాయి. మంత్రిగారు విలేకరులను పిలిచి, జనానికి ఇక ఏ బాధా మిగల్లేదని ప్రకటించారు. మాట్లాడుతుంటే ఆయన కళ్ళు చెమర్చాయి.

ప్రోగ్రామరు షాపుకు వెళ్ళేసరికి అక్క, బావ ఫ్రేములన్నీ అట్టపెట్టెల్లో సర్దుతున్నారు.

"నా గొయ్యి పరిష్కారమైందట, చూశావా?" అంది అక్క. "పోర్టల్‌లో ఆకుపచ్చ అక్షరాల్లో వచ్చింది. ఎందుకైనా మంచిదని దిగి చూశా. అలాగే ఉంది."

"అక్కా..."

"నిన్నేం అనట్లేదులే. ఆ పెట్టె ఇలా అందుకో. రేపు ఇంకొన్ని సర్దితే అయిపోతుంది."

బావ అటు తిరిగి అద్దాల అలమరా తుడుస్తున్నాడు, ఎవరు కొంటారో తెలియకపోయినా. ప్రోగ్రామరు ఇంకో గుడ్డ తీసుకుని రెండో పక్క తుడవడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున్నే సెక్రటరీగారి నుంచి కబురు. గదిలో ఆయన తల పట్టుకుని కూర్చున్నారు. "సలహాదారుగారికి కారు మంజూరైంది. బోర్డు తయారైంది. గార్డు కూడా సిద్ధం. ఎక్కడికి పంపాలి? అడ్రసేదమ్మా?"

"ఈమెయిల్ అడ్రసే ఉంది సార్."

"కారుని ఈమెయిల్‌లో పంపిస్తామా?"

లేడని చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. అట్టపెట్టెలు గుర్తొచ్చాయి. లేడని ఒకసారి చెప్పింది కదా, ఎవరు విన్నారు?

"మొదటి ఫిర్యాదు ఎక్కడి గురించి వచ్చిందో వారు అక్కడే ఉంటారు కదా సార్" అంది నిదానంగా. "ఎవరైనా ముందు తమ గుమ్మంలో గొయ్యి గురించే చెప్పుకుంటారు."

సెక్రటరీగారు ఆమెను తేరిపార చూశారు. "ఇంత తెలివి పెట్టుకుని ఇన్నాళ్ళూ కోడ్ రాస్తూ కూర్చున్నావా?"

బయటికి వచ్చి అక్కకు ఫోన్ చేసింది. "ఇవాళ ఎవరొచ్చి ఎవరున్నారని అడిగినా, లేరని మాత్రం అనకు."

"ఎవరే వచ్చేది?"

"వచ్చాక నీకే తెలుస్తుంది. పెట్టెలు విప్పేయ్."

రెండు జీపులు, ఒక లారీ, ఒక రోడ్డు రోలరు వచ్చి వీధిలో ఆగాయి. ఇంజనీరు గొయ్యి అంచున నిలబడి నిర్ఘాంతపోయాడు. "సలహాదారుగారి గుమ్మంలో గొయ్యా? ఎవడు తవ్వించాడు దీన్ని?" అన్నాడు. తవ్వించింది తనేనని కాసేపటికి ఆయనకే గుర్తొచ్చి, పని త్వరగా కానిమ్మన్నాడు. సాయంత్రానికి గొయ్యి లేదు. వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా నున్నటి తారు. షాపు నెత్తిన 'ప్రజా ఫిర్యాదుల సలహాదారు' అని బోర్డు. గుమ్మం పక్కన గార్డు.

సెక్రటరీగారు పూలగుత్తితో లోపలికి వచ్చారు. "సలహాదారుగారు ఉన్నారాండీ?"

అక్క చెల్లెలి వంక చూసింది. చెల్లెలు గోడ మీది అక్షరాల చార్టు వంక చూసింది. అక్క ఎంతైనా వ్యాపారం చేసే మనిషి.

"మీటింగులో ఉన్నారండీ" అంది.

సెక్రటరీగారు చప్పున గొంతు తగ్గించేశారు. జీవితంలో ఆయన అంతగా గౌరవించే మాట మరొకటి లేదు. పూలగుత్తి బల్ల మీద పెట్టి, మునివేళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళిపోయారు.

ఆ మర్నాటి నుంచి షాపు కిటకిటలాడింది. సలహాదారుగారిని మర్యాదపూర్వకంగా కలవడానికి అధికారులు వరస కట్టారు. ఆయన మీటింగులో ఉండటం వల్ల ఎదురుచూశారు. ఊరికే ఎదురుచూడటం దేనికని కళ్ళు చూపించుకున్నారు. శాఖలో చాలామందికి దూరపుచూపు లేదని తేలింది. అక్క చేతి నిండా పని. బావ నిజంగానే చత్వారం అద్దాలు పెట్టుకుని బిల్లులు రాస్తున్నాడు. సలహాదారుగారిని చూశానని చెప్పినవాళ్ళు కూడా ముగ్గురు నలుగురు తయారయ్యారు. మనిషి నెమ్మదస్తుడని, మాట తక్కువని మైకు ఊరంతా చెప్పాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ప్రోగ్రామరు షాపులో అక్కకు సాయంగా ఫ్రేములు తుడుస్తోంది. బయట కారు ఆగింది. గార్డు సెల్యూట్ కొట్టాడు. మంత్రిగారు లోపలికి వచ్చారు. వెంట మైకు లేడు. విలేకరులు లేరు. చేతిలో పూలగుత్తి కూడా లేదు.

"సార్ ఉన్నారామ్మా?"

"మీటింగులో ఉన్నారండీ. కూర్చోండి, ఈలోగా కళ్ళు చూసేస్తాను" అంది అక్క. ఆయన కుర్చీలో ఒదిగి కూర్చున్నారు. అక్క ఆయన ముక్కు మీద పరీక్ష ఫ్రేము పెట్టి, గుండ్రటి అద్దాలు అందులో దించింది.

"పై అక్షరం చదవండి."

చదివారు.

"కింది వరస?"

"అంత కిందికి ఎప్పుడూ చూడలేదమ్మా."

అక్క అద్దం మార్చింది. ఆయన చార్టు మీంచి చూపు తిప్పుకున్నారు. తర్వాత లోగొంతుకతో అన్నారు. "మా ఇంట్లో కుళాయి రావడం లేదు. చాలా రోజులైంది. మా ఆవిడ పొద్దున లేస్తే అదే అడుగుతోంది, అసలు నువ్వు ఏ శాఖకు మంత్రివని. ఎవరికి చెప్పుకోను? ఎవరికీ ఏ బాధా లేదని చెప్పింది నేనే. సార్ చెవిన ఒక్క మాట వేస్తావామ్మా?"

ప్రోగ్రామరు తుడుస్తున్న ఫ్రేమును తుడుస్తూనే ఉంది.

"అలాగేనండీ, తప్పకుండా చెప్తా" అంది అక్క. "ఎవరు చెప్పారని చెప్పమంటారు?"

మంత్రిగారు గుమ్మం వైపు చూశారు. గార్డు అటు తిరిగి ఉన్నాడు. ఫ్రేము జారిపోకుండా చేత్తో పట్టుకుని ముందుకు వంగారు.

"మంత్రి అంటే బాగుండదు" అన్నారు. "ఎవరో పౌరుడని చెప్పమ్మా."